ఉపవాసంలో గోలీ

మార్చి 5, భస్మ బుధవారం

శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టర్ దాకా పగలంతా ఉపవాసం. మోటార్ వైండింగ్ షాపు మూసి చర్చికి వెళ్లాను. మా పురుషుల సహవాసానికి పెద్ద యేసురాజన్న. ఈసారి బీపీ గోలీలు సుత బంద్ అన్నాడు. నమ్మకం ఉన్నోనికి గోలీతో ఏం పని తమ్మీ, అదీ అర్పణే అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

మార్చి 13

నేను బీపీ గోలీలు ఆపి ఎనిమిది రోజులు. షాపులో కాయిల్ చుడుతుంటే తీగ రెండుగా కనిపించింది. నా భార్య దేవకృపకు చెప్పలేదు.

మార్చి 15, శనివారం కూటం

ప్రార్థనకు లేస్తూ యేసురాజన్న తూలి కుర్చీ పట్టుకున్నాడు. ఎండ దెబ్బ అన్నాడు. రాత్రి ఏడింటికి ఎండేమిటని ఎవరమూ అడగలేదు.

మార్చి 16

గోలీల స్ట్రిప్ తరగలేదని దేవకృప కనిపెట్టింది. మోటార్ కాలితే వీధి చివరి నుంచే వాసన పడతవ్, మనిషి కాలుతుంటే తెల్వదా అంది. గోలీ వేసుకోవద్దని ఏ వాక్యంలో ఉందో చూపించు, నా గోలీలు నేను సుత మానేస్తా అంది. సాయంత్రం దాకా బైబిల్ తిరగేశాను. దొరకలేదు. గోలీ వేసుకున్నాను.

మరి నాలాగే గోలీలు ఆపిన యేసురాజన్న? ఆయన మాట కాదంటే నేను విశ్వాసం తప్పానంటారు. కాదనకపోతే ఆ మనిషే ఉండడేమో.

మార్చి 20

చిలకలగూడలో యేసురాజన్న ఇంటి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

మార్చి 22, రాత్రి 11

ఈరోజు కూటంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. పొద్దున ప్రార్థన చేసి బీపీ గోలీ వేసుకున్నానని, రెండింటికీ దేవునికి స్తోత్రమని చెప్పాను. యేసురాజన్న నవ్వాడు. ఏంది తమ్మీ, విశ్వాసానికి బ్యాటరీ డౌనైందా అన్నాడు. హాలంతా నవ్వింది.

నేను కూర్చోలేదు. అన్నా, పోయిన శనివారం కుర్చీ ఎందుకు పట్టుకున్నవ్ అని అడిగాను. నవ్వు ఆగిపోయింది.

మా సంఘంలో ఫెయిత్ అనే నర్సు ఉంది. ఆమెను ముందే పిలిచి వరండాలో కూర్చోబెట్టాను. ఆమె బీపీ మెషీన్ తెచ్చింది. ముందు నేను చెయ్యి చాపాను. చివరికి యేసురాజన్న చొక్కా చెయ్యి మడిచాడు. ఫెయిత్ మళ్లీ మళ్లీ చూసి, అంకుల్, ప్రార్థన ఆటోలో చేద్దాం లేవండి అంది.

ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే పక్షవాతమే అన్నాడట ఆస్పత్రిలో డాక్టరు. పాస్టరయ్యగారికి చెప్పకు తమ్మీ అని యేసురాజన్న మంచం మీంచి బతిమాలాడు. చెప్తానన్నాను.

ఏప్రిల్ 5

చెప్పాను. పాస్టరయ్యగారు చర్చి బల్ల మీద పాటల పుస్తకాల పక్కనే మెషీన్ పెట్టించారు. ఈరోజు బీపీ చూపించుకునేవాళ్ల లైన్ వాకిలి దాటింది. లైన్ నిలబెట్టింది ఎవరో కాదు, యేసురాజన్నే. దేవుని ముందట మోకరిస్తవ్, ఫెయిత్ ముందట చెయ్యి చాపనీకి సిగ్గేంది అని ఒక్కొక్కరినీ తోస్తున్నాడు. ఎవరమూ ఉపవాసం మానలేదు. గోలీలు మాత్రం మళ్లీ షురూ. ఇంటికి వస్తూ దారంతా పాడుకున్నాను. నా గొంతు బాగోదు. అయినా పాడాను.

ఏప్రిల్ 20, ఈస్టర్, తెల్లవారుజాము

సమాధుల తోటలో ఆరాధన. పాట ఎత్తుకున్నది యేసురాజన్న. కొవ్వొత్తుల మధ్య మా సహవాసం మగవాళ్లమంతా, ఒక్కరూ తగ్గకుండా, నిలబడి ఉన్నాం.