మంగళగ్రహం మీద గుండ్రటి రాళ్లు

ఒరే సూరిగా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు అందదని తెలిసే రాస్తన్నాను.

మందిర్ హసౌద్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల పనిలో ఉండగా, మంగళగ్రహం మీద ఒకప్పుడు సముద్రం ఉండేదని నువ్వన్నావు. "నువ్వెళ్లి ఈదొచ్చావేట్రా?" అని గ్యాంగందరి ముందూ నిన్ను అబద్ధాలకోరుని చేశాను. ఆ రోజు నుంచి నాతో మాట మానేశావు. ఆస్పత్రిలో ఉన్నావని తెలిసీ నేను రాలేదు. గ్యాంగుకి మేటుని, మీ అందరికీ పెద్దని, నేనెందుకు తగ్గాలి అనుకున్నాను.

నిన్న టీవీలో ఆ మంగళగ్రహం మీది నేల చూపించారు. నున్నగా అరిగిన గుండ్రటి రాళ్లురా. పట్టాల కింద పోసే గిట్టీ కంకరలో అలాంటివి కనిపిస్తే, ఇవి ఏట్లో రాళ్లు, జారతాయి అని లారీకి లారీ తిప్పి పంపినవాణ్ణి. నీళ్లు పారకుండా రాయి అలా అవదని నాకు ఒకడు చెప్పాలా? అన్ని నీళ్లు పారి ఎక్కడో ఒకచోట నిలవాలి కదా. నువ్వన్నదే నిజం.

పొద్దున్నే మోవాలో మీ ఇంటికెళ్లి మీ ఆవిడతో ఆ మాటే అన్నాను. "నాకెందుకు అన్నయ్యా, ఆయనకి చెప్పు" అని నీ ఫోటో చూపించింది. చెప్పాను. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా చెప్పాను. వీధిలోవాళ్లు వచ్చి చూస్తున్నా ఆపలేకపోయాను. చివరికి ఆవిడే "ఇంక చాలన్నయ్యా" అని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.