ముగ్గురిని ఒడ్డుకు చేర్చాక

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున సలీం హైదరాబాదు నుంచి మన ఆత్మకూరు వచ్చాడు. ఫ్రీస్టైల్ పోటీల్లో ఎప్పుడూ నీ వెనకే వచ్చే సలీమే. కొత్త రాష్ట్రం తరఫున నువ్వు ఈదాల్సిన బొంబాయి పోటీలో ఈసారి అతను ఈదాడు. ఆఖరున వచ్చాడట.

అమ్మ అతనికి జొన్నరొట్టె పెట్టి, ఇన్నాళ్లూ ఎవరినీ అడగని మాట అడిగింది. కృష్ణ వరదలో జనంతో వస్తున్న పుట్టి మునిగిన రోజు నువ్వు ముగ్గురిని ఒడ్డుకు చేర్చావు. నాలుగో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు.

"పందేలు గెల్చినోడు ఏట్ల ఎట్ల మునిగిండని ఊరంత అంటున్నరు బిడ్డా. మావోనికి ఈత సరిగ రాకుండెనా?"

సలీం తినడం ఆపాడు.

"వరదల ఒక్కరిని తెచ్చుడే కష్టమమ్మా. ముగ్గురిని తెచ్చినంక ఎవ్వరికీ చేతులు లేవవు. నేనైతే మొదలే దిగకపోదును."

అతను వెళ్లాక అమ్మ బిందె పట్టుకుని బావి దగ్గరికి నడిచింది. అక్కడున్న ఆడవాళ్లతో, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"మావోనికి ఈతొచ్చు. చేతులు అలిసిపోయినయి, గంతే."

నీ చెల్లెలు