ఇటుకరంగు జనరల్ బోగీ

కాజీపేట,
జనవరి 19.

ప్రియమైన బిడ్డ కీర్తనకు,

మామయ్య సుందర్ రావు రాస్తున్న ఉత్తరం. నీ ఫోన్ నంబరు మారింది. మార్చుకునుడే మంచిది, నేను తప్పు పట్టను. హనుమకొండల నువ్వు పనిచేసిన డెంటల్ ల్యాబుకు పోయి అరుణ మేడంను అడిగిన. నంబరు ఇయ్యనన్నది గని, ఖమ్మంల నువ్వు చేరిన ల్యాబు అడ్రసు రాసిచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు మా ఇంట్ల నుంచి పోయి ఏడాది దాటింది. నీకు, మా కొడుకు స్టీఫెన్‌కు విడాకుల కాగితం వచ్చి కూడా ఐదు నెలలాయె. ఆ సంగతులు తవ్వడానికి రాస్తలేను. మన జనరల్ బోగీ సంగతి రాద్దామని.

ఆదివారం చర్చి నుంచి వచ్చినంక నువ్వు నేను బల్ల మీద పేపరు పరుచుకొని కూసునేటోళ్లం కదా. బొమ్మరైలుకు గూడ్సు వ్యాగన్లు ఆరు చేసినం, ఏసీ బోగీ ఒకటి చేసినం. ఈ జనరల్ బోగీ కిట్టు డబ్బా నువ్వు పోయిన్నాటి నుంచి బీరువా మీదనే ఉండె. పోయిన నెల నాకు రెండో కంటికి శుక్లం తీసిండ్రు. దూరం మంచిగ కనిపిస్తాంది, దగ్గర మాత్రం మసక. రైల్వే డిపోల ముప్పై నాలుగేండ్లు అసలు బోగీల కింద పండుకొని నట్లు బిగించిన చేతులు, ఈ జానెడు బోగీకి పనికొస్తలేవు. గోడలు రెండు, అడుగు పలక ఒకటి తయారు చేసిన. కిటికీ ఊచల కాడ ఆగిపోయిన. వెంట్రుక లావు ఊచలు నీ చేతికి తప్ప దొరకవు.

అవన్నీ ఈ డబ్బల పెట్టి పంపుతున్న. చేయాలనిపిస్తేనే చెయ్యి. లేకుంటే అట్లనే వాపసు పంపు, ఏం ఫికర్ లేదు. మీ అత్తమ్మ ఏసమ్మకు ఈ ఉత్తరం సంగతి తెల్వదు.

వేళకు తిను.

నీ మేలు కోరే
మామయ్య

---

ఖమ్మం,
ఫిబ్రవరి 3.

గౌరవనీయులైన సుందర్ రావు గారికి,

డబ్బా అందింది. విప్పకుండానే తిరిగి పంపేద్దామని వారం రోజులు పక్కన పెట్టాను. మూడు రోజుల కింద మూత తీశాను. మొదటి కిటికీకి మీరే ఊచలు పెట్టబోయారు. జిగురు కారి కిటికీ మొత్తం మూసుకుపోయింది. చూసి ఊరుకోలేకపోయాను.

కిట్టులో వచ్చిన ఊచలు వాడలేదు, అవి లావుగా ఉన్నాయి. పళ్లకు క్లిప్పులు వేసే సన్నటి తీగ మా ల్యాబులో ముక్కలు ముక్కలుగా మిగిలిపోతుంది. దాన్ని కోసి పెట్టాను. కిటికీకి నాలుగు చొప్పున అన్నీ అయ్యాయి, తిరిగి పంపుతున్నాను. ఇకమీదట జిగురు ట్యూబు నుంచి నేరుగా పోయకండి. గుండుసూది మొనతో అంటించండి.

అడుగు పలకకు చక్రాల ట్రాలీ ఒకటి తిరగేసి అతికించారు. బ్రేకు గొట్టం లోపలికి పోయింది. డిపోలో ఇట్లా చేసి ఉంటే మీకు ఛార్జిషీటు ఇచ్చేవాళ్లు.

దయచేసి మళ్లీ ఏమీ పంపకండి. కోపంతో రాయడం లేదు. ఇక్కడ అంతా కొత్తగా మొదలుపెట్టాను, నన్ను ఇట్లా ఉండనివ్వండి.

ఇట్లు,
కీర్తన

---

కాజీపేట,
ఫిబ్రవరి 23.

ప్రియమైన బిడ్డకు,

వద్దన్నా పంపుతున్న. కోప్పడితే పడు. ట్రాలీ ఊడదీసి సరిగ్గ పెట్టిన. చక్రాలు ఊదితే తిరుగుతున్నయి. నీ ఊచలను కిటికీ వెలుతురుకు పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్న. ఒక్క కాడ కూడ జిగురు కనిపించలే.

రంగు నీలం వద్దనుకున్న. నేను డిపోల చేరిన కొత్తల బోగీలన్నీ ఇటుకరంగు ఉండేటివి. వాన పడ్డనాడు ప్లాట్‌ఫారం మీద నిలబడితే, అప్పుడే కడిగిన కుండల లెక్క మెరిసేటివి. ఆ రంగే వేద్దాం. ఈసారి సీట్లు పంపుతున్న. చెక్క పట్టీల సీట్లు, పట్టీ పట్టీ మధ్యల సందు కనబడాలె.

స్టీఫెన్ నాగపూర్ల ఉంటుండు, కంపెనీ పని మీద. వాని గురించి ఇంతకంటే రాయను.

ఇంకొక మాట రాద్దామని మూడుసార్లు కూసున్న. ఆ రోజు చర్చిల పెద్దలందరు కూసున్నప్పుడు, మీ అత్తమ్మ తరఫు చుట్టాలు నిన్ను తలో మాట అంటుంటే నేను నోరు తెరువలే. నాకది తెలుసు. ఇంతకంటే రాసుడు చేతగాలే.

నీ
మామయ్య

---

ఖమ్మం,
మార్చి 20.

ప్రియమైన మామయ్యకు,

సీట్లు అయ్యాయి. ముందు మీకు సంతోషమయ్యే మాట రాస్తాను. జనరల్ బోగీలో సామాను లేకుంటే ఎట్లా అనిపించి, కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే పిండితో రెండు ట్రంకుపెట్టెలు, ఒక మూట, ఒక నీళ్ల క్యాను అచ్చు పోశాను. చిగుళ్ల రంగు గులాబీ కదా, పెట్టెలు కూడా గులాబీగానే వచ్చాయి. పెళ్లివాళ్ల సామాను అనుకోండి. మా ల్యాబులో అందరూ పని ఆపి వచ్చి చూశారు.

ఇప్పుడు రెండో మాట. పెద్దల ముందు మాట్లాడలేదని రాశారు. నన్ను బాధపెట్టేది అది కాదు మామయ్యా.

ఆ సెప్టెంబరు సాయంత్రం స్టీఫెన్ నా చెయ్యి మెలిపెట్టి తలుపుకేసి కొట్టాడు. నేను హాల్లోకి వచ్చాను. మీరు బల్ల దగ్గర కూర్చుని బోగీ చక్రాన్ని ఆకురాయితో రుద్దుతున్నారు. తల ఎత్తి నన్ను చూశారు. వాచిన చెయ్యి చూశారు. మళ్లీ తల దించుకుని రుద్దడం మొదలుపెట్టారు. ఇక్కడ చేరిన కొత్తలో ల్యాబులో పక్కవాళ్లు కట్టుడు పన్ను అరగదీస్తుంటే ఆ చప్పుడుకు నేను లేచి బయటికి పోయేదాన్ని.

మీ దగ్గర ఒకటి అడగాలి. ఇక్కడ దయాకర్ అని, బడిలో లెక్కలు చెప్తారు. మేమిద్దరం పెళ్లి చేసుకుందాం అనుకుంటున్నాం. మా పాస్టర్ గారు కాజీపేట చర్చికి రాస్తే అక్కడి నుంచి ఒక కాగితం నకలు వచ్చింది. ‘భార్య ఏ కారణమూ లేకుండా తనంతట తానే ఇల్లు విడిచిపోయినది’ అని ఉంది. కింద నలుగురు పెద్దల సంతకాలు. మూడోది మీది.

ఆ మాట అట్లా ఉంటే చర్చిలో పెళ్లి చేయలేనన్నారు పాస్టర్ గారు. రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుందాం, దానికేముంది అంటారు దయాకర్. కానీ నేను ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసినదానిలా పక్కదారిన పోవడం నాకు ఇష్టం లేదు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి పంపండి. పంపలేకపోతే మీ ఇబ్బంది నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఇక బోగీలు కూడా పంపకండి.

కీర్తన

---

కాజీపేట,
మే 18.

ప్రియమైన బిడ్డ కీర్తనకు,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు కావస్తాంది. జవాబు లేకపోయేసరికి, ఈ ముసలాయన మళ్లీ తల దించుకున్నడు అనుకొని ఉంటవు. మొదటి నెల నిజంగ అంతే జరిగింది.

అవును బిడ్డా, చూసిన. నీ చెయ్యి చూసిన. ఆ చక్రం అప్పటికే నున్నగ ఉండె. రుద్దే అవసరమే లేకుండె. నిన్ను చూస్తే లేవాలె, లేస్తే కొడుకును అడగాలె. అడిగే ధైర్యం లేక రుద్దుకుంట కూసున్న. దానికి ఇంకో పేరు పెట్టలేను.

నీకు కాగితం మూడుసార్లు రాసి చింపేసిన. పదిమంది ముంగట సంతకం పెట్టిన అబద్ధాన్ని నీకొక్కదానికి చాటుగ ఉత్తరం రాసి ఎట్ల దిద్దుకుంట? పెద్దల మీటింగులనే చెప్పాలనుకున్న. ఏప్రిల్ల మీటింగు పెట్టలే. పోయిన ఆదివారం పెట్టిండ్రు. ముందురోజు స్టీఫెన్‌కు ఫోన్ చేసి, రేపు ఏం చెప్పబోతున్ననో చెప్పిన. వాడు ఫోన్ పెట్టేసిండు. మళ్లీ చెయ్యలే.

ఆరాధన అయిపోయినంక వెనుక గదిల కూసున్నం. అన్ని సంగతులు అయినంక నేను లేసి నిలబడ్డ. "ఆ కాగితంల రాసింది అబద్ధం. నా కొడుకు ఆ పిల్లను కొట్టిండు. నేను కండ్లతోటి చూసిన, చూసి సంతకం పెట్టిన" అన్న.

వెంకట్రాజం మనందరికంటే పెద్దాయన కదా, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, ఎవరి బతుకు వాళ్లకు అయిపోయింది, కొడుకు పరువు నువ్వే తీస్తవా అన్నడు. అప్పుడే తలుపు కాడి నుంచి మీ అత్తమ్మ గొంతు వినబడ్డది. ఆడోళ్లతోటి బయట కూసున్నది ఎప్పుడు లేసి వచ్చిందో.

"ఒక్కసారి కాదు, మూడుసార్లు. పసుపు రాసింది నేనే. రాసి, ఎవరికీ చెప్పకు అన్నది కూడ నేనే."

అంతే అన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఒరిగి నిలబడ్డది. ఇంక ఎవరూ పరువు మాట ఎత్తలే. ఆ కాగితం కొట్టేసి, కొత్తది రాసి, నలుగురం సంతకాలు పెట్టినం. మీ పాస్టర్ గారికి రిజిస్టరు పోస్టుల పోయింది. నకలు ఇండ్ల పెట్టిన. పెద్దరికం వదులుకుంటనని కూడ అక్కడనే చెప్పిన. అబద్ధానికి సంతకం పెట్టినోడు ఆ కుర్చీల కూసోవద్దు.

ఆటోల ఇంటికి వస్తుంటే మీ అత్తమ్మ చెప్పింది, నీకు పంపే డబ్బాల సంగతి ఆమెకు మొదటి నుంచి తెలుసునట. నేను టేపు వేసి పెట్టి నీళ్లు పోసుకోను పోతే, విప్పి నాలుగు దిక్కుల దూది కుక్కి మళ్లీ మూసేదట. "నీకు డబ్బా కట్టుడు రాదు, దారిల విరిగిపోతది" అని నన్నే అన్నది. ఇద్దరం ఒక్క ఇంట్ల ఉండి, ఒక్క పిల్ల గురించి, ఒకరికి తెల్వకుండ ఒకరం ఫికర్ చేసినం.

బోగీ అయిపోయింది. ఇటుకరంగు మూడు పూతలు వేసిన. నీ గులాబీ పెట్టెలు సీటు కింద పెట్టిన. నంబరు రాసుడు ఒక్కటి ఉన్నది, నా కండ్లకు ఆగదు. నీకే పంపుతున్న. ఇది నీది, వాపసు పంపకు.

నన్ను మాఫ్ చెయ్యమని అడగను. అడిగే హక్కు సంపాదించుకున్నంక అడుగుత.

నీ
మామయ్య

---

ఖమ్మం,
జూన్ 2.

ప్రియమైన మామయ్యకు, అత్తమ్మకు,

ఉత్తరం ల్యాబులోనే విప్పాను, అది పొరపాటైంది. మధ్యాహ్నం నుంచి ఏ పనీ చేయలేకపోయాను. అత్తమ్మ చెప్పిన ఆ రెండు మాటలు ఎన్నిసార్లు చదివానో. అవి చెప్పాలంటే ఆమె ఎంత దూరం నడిచి రావాల్సి వచ్చిందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం మరిచిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. మరిచిపోలేదు. కానీ ఇన్నాళ్లూ అది నేనొక్కదాన్నే మోసిన సంగతి. ఇప్పుడు పదిమందికి తెలిసింది, తెలిసినవాళ్లు నా వైపు నిలబడ్డారు. రాత్రి నిద్ర పడుతోంది.

పాస్టర్ గారు కొత్త కాగితం రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, తేదీ చెప్పమన్నారు. ఈ నెల 21, శనివారం, పొద్దున పదిన్నరకు పెళ్లి.

బోగీకి నంబరు రాశాను. దయాకర్ స్కేలు పెట్టి కొలిచి, అంకెల మధ్య సందులన్నీ సమానంగా ఉన్నాయని ఒప్పుకున్నారు. తర్వాత గూడ్సు బండి చివర ఉండే గార్డు పెట్టె కిట్టు తెప్పించండి, సగం మీరు, సగం నేను. ఆయనకు కూడా నేర్పుదాం. చేతులు మొద్దుగానే ఉన్నాయి కానీ ఓపిక ఉంది.

మామయ్యా, ఒకటి అడగాలని రాత్రి నుంచి కాగితం ముందు పెట్టుకున్నాను. మా చర్చిలో పెళ్లికూతుర్ని నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. మా నాన్న నేను ఇంటరులో ఉండగానే పరకాలలో పోయారు. మా అమ్మేమో తమ్ముణ్ని పంపిస్తానంటోంది. నేను పాస్టర్ గారిని అడిగాను, మామయ్య తీసుకురావచ్చా అని. ఏ మామయ్య అన్నారు. చెప్పాను. ఆయన, వద్దని ఎక్కడా రాసిలేదమ్మా అన్నారు. దయాకర్‌కు ముందే చెప్పాను, ఆయన సరేనన్నారు. అమ్మ మొదట ఒప్పుకోలేదు, మీ ఉత్తరం చదివి వినిపించాక ఏడ్చి, నీ ఇష్టం అంది.

మిమ్మల్ని ఇకమీదట ఏమని పిలవాలో అని కూడా ఆలోచించాను. మామయ్య అనేదే నోటికి వస్తోంది. మీ అబ్బాయి నాకు ఏమీ కాకపోయినా, ఆ పిలుపు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.

అత్తమ్మ ముందు వరసలో మా అమ్మ పక్కన కూర్చోవాలి. ఇద్దరూ శుక్రవారం సాయంత్రానికే రండి, స్టేషనుకు నేనే వస్తాను. చర్చిలో కొత్తగా నున్నటి రాయి పరిచారు, కొత్త చెప్పులు వేసుకోవద్దు, జారుతుంది. తలుపు దగ్గర నుంచి ముందు దాకా ముప్పై అడుగులు ఉంటుంది. తెల్లచీర కట్టుకుని నేను వేగంగా నడవలేను. మీరూ తొందరపడకండి.

మీ
కీర్తన