వీధి మీద గది

మార్చి 4, 1921

ఈ రోజు మా గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లారు.

మునిసిపల్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో టేపు, ఇంకొకడి చేతిలో రంగు డబ్బా. కాంటన్‌లో వీధులన్నీ వెడల్పు చేస్తున్నారు కదా, ఇప్పుడు మా వంతు. గుమ్మం నుంచి లోపలికి పదకొండు అడుగులు రోడ్డుకి పోతుంది. మా ముందు గది పొడవే పన్నెండు. ఆ గదిలోనే పెద్దక్క మంచం.

టేపు మంచం మీదుగా లాగాలి, కాళ్లు కొంచెం ముడుచుకోండి అవ్వా అన్నాడు టేపు అబ్బాయి. పెద్దక్క ముడుచుకుంది. నా కాళ్లు ఎటు వచ్చాయి నాయనా, ఇంట్లోకా రోడ్డులోకా అని అడిగింది. వాడు టేపు చూసి మరీ, రోడ్డులోకి అన్నాడు.

వాళ్లు వెళ్లగానే యుత్‌హో అక్క తడిగుడ్డతో గీత తుడవబోయింది. పోలేదు. ఇంకా లావయింది.

మార్చి 6

ఆ అబ్బాయి ఈ రోజు ఒక్కడే వచ్చాడు, సంతకాల కోసం. మంచివాడిలాగే ఉన్నాడు. ఇంత ఇబ్బందైతే అమ్మేసి మీ అన్నదమ్ముల దగ్గరికి వెళ్లిపోవచ్చు కదా అన్నాడు.

మాకు ఆ దారి లేదు. పెళ్లి వద్దని ఎవరి జుట్టు వాళ్లమే దువ్వి ముడి వేసుకున్న ఆడవాళ్లం. పుట్టింట్లో బతకొచ్చు గాని చావకూడదు. అక్కడ పోతే ఆ ఇంటికి అరిష్టం అంటారు. బయట ఎక్కడో పోతే శవాన్ని ఏ గడపా దాటనివ్వరు. అందుకే రక్తసంబంధం లేకపోయినా ముగ్గురం కలిసి ఈ ఇల్లు కొన్నాం. పెద్దక్క ముప్పై ఏళ్లు పట్టు వర్తకుల ఇంట్లో పనిచేసింది. యుత్‌హో అక్క జోళ్లు కుట్టింది, ఇప్పటికీ కుడుతోంది. నేను పళ్ల డాక్టరు గారింట్లో వంట చేస్తాను. బతకడానికైతే ఎక్కడైనా బతికేవాళ్లం. చావడానికి కొన్నాం.

ఇదంతా అబ్బాయికి చెప్పలేదు. సంతకం పెట్టాను.

అతను వెళ్లాక పెద్దక్క యుత్‌హో అక్కని దగ్గరికి పిలిచింది. గోడలు ఎటు పోయినా సరే, నా ప్రాణం మాత్రం ఇంట్లో పోయేలా చూడు అంది. యుత్‌హో అక్క ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చింది. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.

ఏప్రిల్ 11

ఫుంగ్ మేస్త్రి ప్లాన్ తెచ్చాడు. నేను కాగితం తలకిందులుగా పట్టుకున్నానని నవ్వాడు. తిప్పి పట్టుకున్నా ఏమీ తెలియలేదు.

ఆయన చెప్పింది ఇది. కింద పదకొండు అడుగులూ పేవ్‌మెంట్ అవుతుంది. దాని అంచున రెండు స్తంభాలు లేస్తాయి. ఆ స్తంభాల మీద, పేవ్‌మెంట్ పైన, మాకో గది కట్టుకోవచ్చు. వీధిలో అందరూ అలాగే కట్టాలి, అదే రూలు. అప్పుడు ఎండలో వానలో జనం మా గది కిందనుంచి నడిచిపోతారు. కింద నేల ఊరిది, పైన గది మాది.

మరి మధ్యలో ఉన్నది ఎవరిది అని అడిగింది యుత్‌హో అక్క.

మధ్యలో ఉన్నవి నా దూలాలమ్మా, వాటి జోలికి మాత్రం రాకండి అన్నాడు మేస్త్రి.

పెద్దక్క ఒక్కతే నవ్వింది.

మే 2

గోడ పడగొట్టారు. ఇరవై ఏళ్లుగా ఉన్న గోడ, మధ్యాహ్నం గంజి తాగే వేళకి లేదు.

మే 3

ఇంట్లో కూర్చుంటే వీధిలో కూర్చున్నట్టే ఉంది. వెదురు కట్టి చాపలు వేలాడదీశారు గాని గాలికి నిలవడం లేదు. చెరకు అమ్మేవాడు మా పొయ్యి వైపు చూసి, చేప మాడుతోంది వదినా అన్నాడు. నిజంగానే మాడింది.

పెద్దక్క మంచం వెనక గదిలో వేశాం. వంటిల్లు పక్కనే, కిటికీ లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

మే 19

పెద్దక్క తినడం లేదు. అల్లం వేసిన గంజి రెండు చెంచాలు, అంతే. ఏం కావాలి అంటే ఏమీ వద్దంటుంది. ముందు గదిలో ఉన్నప్పుడు రోజంతా చెక్క ఊచల్లోంచి వీధి చూసేది. ఏ చెప్పుల చప్పుడు ఎవరిదో చెప్పేది. వెనక గదిలో వినిపించేది నా గరిటె చప్పుడే.

జూన్ 8

వాన. చాపలు ఎగిరిపోయాయి. ముగ్గురం ఒకే మంచం మీద.

జూలై 14

స్తంభాల్లో ఇనుప కడ్డీలు నిలబెట్టారు, చుట్టూ చెక్కలు బిగించి సిమెంట్ పోశారు. రాయిలా గట్టిపడేదాకా ముట్టుకోవద్దన్నాడు మేస్త్రి. యుత్‌హో అక్క ముట్టుకుంది. ఇంత మెత్తటిదాని మీద మనిషిని పడుకోబెడతారా అని పోట్లాడింది. పది రోజులాగి తలతో కొట్టి చూడండి, తల నాది కాకూడదు అంతే అన్నాడు ఆయన.

ఆగస్టు 20

ఈ రోజు జరిగింది రాసుకోవాలి.

పైగది అయిపోయింది. సున్నం వాసన ఇంకా పోలేదు. మూడు కిటికీలు, మూడూ వీధి మీదికే. యుత్‌హో అక్క అందులో జోళ్ల తోలు పెట్టుకుంటానంది. సామాన్లకి సరే, మనుషులు పడుకునే గది కాదు అంది.

వెనక గదిలోంచి పెద్దక్క గొంతు వచ్చింది, నేను పడుకుంటాను అని. మూడు నెలల్లో అంత గట్టిగా మాట్లాడడం ఇదే.

మెట్లు నిటారుగా ఉన్నాయి. ఆమెకి కాళ్లు లేవవు. మా ఇద్దరి వల్లా కాలేదు. ఫుంగ్ మేస్త్రి సిమెంట్ చేతులు కడుక్కుని వచ్చి, ఎక్కండి పెద్దమ్మా అని వీపు వంచాడు. యుత్‌హో అక్క అడ్డం నిలబడింది. అరవై ఎనిమిదేళ్లలో ఏ మగవాడి నీడా తగలని మనిషి, ఏమనుకున్నావు అంది. పెద్దక్క అప్పటికే చేతులు ఆయన మెడ చుట్టూ వేసేసింది.

మెట్లు ఎక్కుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. పెళ్లి పల్లకీ ఎక్కనన్నానే గాని మేస్త్రిని ఎక్కనని ఎవరితోనూ అనలేదే అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను గోడ పట్టుకుని నవ్వాను. యుత్‌హో అక్క కిందే ఉండిపోయింది.

సాయంత్రం పెద్దక్క గిన్నెడు గంజి, ఉప్పుచేప ముక్కతో తినేసింది.

సెప్టెంబర్ 3

పెద్దక్కకి ఆ కిటికీయే లోకం. కిందనుంచి జనం గొడుగులు మూసుకుంటూ మా స్తంభాల మధ్యకి వస్తారు. వాళ్ల మాటలన్నీ పైకి వినిపిస్తాయి. మందుల కొట్టు ముసలాయన రెండో పెళ్లి సంగతి మా వీధిలో అందరికంటే ముందు పెద్దక్కకే తెలిసింది.

ఈ రోజు తల దువ్వుతుంటే నా మణికట్టు పట్టుకుంది. లిన్, నన్ను ఇక్కణ్ణించి కదపకండే అంది. ఎప్పటికీనా అని అడిగాను. ఎప్పటికీనే, చివర్లో కూడా అంది. ముప్పై ఏళ్లు ఒకరి వెనక గొడుగు పట్టుకుని నడిచాను, ఇప్పుడు అందరూ నా కింద నడుస్తున్నారు, చాలా బాగుంది అంది.

అలాగే అన్నాను. అన్నాక భయమేసింది.

సెప్టెంబర్ 5

యుత్‌హో అక్కకి చెప్పాను. మండిపడింది. మార్చిలో నాకు చెప్పింది అబద్ధమా అంది. అది వీధి, గోడలు కట్టినంత మాత్రాన ఇల్లవుతుందా? కింద కుక్కలు తిరుగుతున్నాయి చూడు అంది. అక్కడ పోతే వీధిలో పోయినట్టే, ఆమె పేరు రాసిన పటం మన పూజాపీఠం మీద ఎలా పెడతాం, ఆమె ఎప్పటికీ బయటే తిరగాలా అని ఏడ్చింది.

ఆమె అన్నది నిజమే అనిపించింది. పైకి వెళ్లి పెద్దక్కని చూస్తే ఆమె అన్నదీ నిజమే అనిపించింది.

సెప్టెంబర్ 12

డాక్టరు గారి భార్యని అడిగి పూట సెలవు తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. టేపు అబ్బాయి నన్ను గుర్తుపట్టాడు. మా పైగది ఇల్లా, రోడ్డా అని అడిగాను. ప్లాన్ విప్పి వేలు పెట్టి చూపించాడు. పన్ను వేసేటప్పుడు ఇల్లే అండి. పైనుంచి ఇటుక పడి ఎవరి తలైనా పగిలితే అప్పుడు కూడా మీ ఇల్లే అన్నాడు.

మరి అందులో మనిషి పోతే అన్నాను.

ప్లాన్ చుట్టేశాడు. అది మా దగ్గర లేదండి అన్నాడు.

అక్కణ్ణించి చావు పూజలు చేసే పూజారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. కప్పు ఎవరిది అన్నాడు, మాది అన్నాను. నేల ఎవరిది అన్నాడు, ఊరిది అన్నాను. ఇలాంటి ఇళ్లు ఇప్పుడే వస్తున్నాయమ్మా, వీటిల్లో ఇంకా ఎవరూ పోలేదు అన్నాడు. అంటే పెద్దక్కే మొదటిదా?

ఇద్దరిని అడిగి వచ్చాను. వెళ్లకముందు తెలిసినంత కూడా ఇప్పుడు తెలియడం లేదు.

అక్టోబర్ 9

పెద్దక్క మాట పడిపోయింది. కళ్లు తెరుస్తోంది. మింగడం లేదు.

అక్టోబర్ 11, ఉదయం తొమ్మిది

పనికి వెళ్లలేదు. ఊపిరి తేడాగా ఉంది. యుత్‌హో అక్క కింద పూజాపీఠం ముందు చాప పరిచి, కొత్త బట్టలు తీసి పెట్టింది. ఇక దించాలి, పట్టుకో అంటోంది. మేస్త్రికి కూడా కబురు పంపింది.

అదే రోజు, మధ్యాహ్నం

పోయింది.

నేను పట్టుకోలేదు. మంచం మీద ఎక్కి కూర్చున్నాను. యుత్‌హో అక్క నన్ను తిట్టింది, భుజం మీద కొట్టింది. నీ మొండితనానికి ఆమె కుక్కల్లో కలవాలా అంది. నేను లేవలేదు. ఆమె ఒక్కతే మంచం కోడు పట్టుకుని లాగింది. కదల్లేదు, మా ఇద్దరి బరువూ ఉంది కదా. లాగి లాగి నేల మీద చతికిలబడింది. అదే ఇంకా కళ్ల ముందు ఉంది, ఆ చతికిలబడడం.

ఫుంగ్ మేస్త్రి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. దించాలా, వద్దా అన్నాడు. దించు అంది యుత్‌హో అక్క. వద్దు అన్నాను నేను. ఆయన పెద్దక్క వైపు చూశాడు. పెద్దమ్మా, మళ్లీ ఎక్కుతారా అని అడిగాడు. ఆమె కళ్లు కిటికీ వైపే ఉన్నాయి. విన్నదో లేదో తెలియదు. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

కాసేపటికి యుత్‌హో అక్క లేచి మంచానికి అటువైపు కూర్చుని పెద్దక్క పాదాలు ఒళ్లో పెట్టుకుంది. కింద ఎవరో బేరమాడుతున్నారు. ఆ బేరం తెగేలోపల ఊపిరి ఆగింది.

నేను చేసింది సరైనదేనా? మార్చిలో అడిగిన మనిషీ, సెప్టెంబర్‌లో అడిగిన మనిషీ ఒక్కరే. నేను రెండోసారి అన్నదే విన్నాను. అది నాతో అన్నందుకా?

అక్టోబర్ 14

సమాధి చేసి వచ్చాం. శవాన్ని కింది గదిలోంచి తీసుకెళ్లనివ్వలేదు యుత్‌హో అక్క. ముందు కిటికీ తీసి, వెదురు కట్టి, నేరుగా వీధిలోకే దించారు. మేస్త్రి, ఆయన మనుషులు జాగ్రత్తగా పట్టుకున్నారు.

అక్టోబర్ 20

పేరు రాయించిన పటం వచ్చింది. యుత్‌హో అక్క దాన్ని పీఠం మీద పెట్టనివ్వలేదు. పై గదిలో ముక్కాలి పీట వేసి దాని మీద పెట్టింది. రెండు చోట్లా ఆమే అగరొత్తులు వెలిగిస్తోంది. ముందు కింద, తర్వాత పైన. పై గదిలోకి వెళ్లేముందు బయటికి వెళ్లేటప్పటి జోళ్లు వేసుకుంటోంది.

నాతో మాట్లాడడం లేదు. గంజి గిన్నె మాత్రం మూత పెట్టి ఉంచుతోంది.

నవంబర్ 2

కలలో పెద్దక్క అడిగింది, ఎటువైపే అని. ఏం చెప్పానో గుర్తులేదు.

నవంబర్ 23

పని నుంచి వచ్చేసరికి యుత్‌హో అక్క తన మంచం పై గదిలోకి చేర్చేసింది. అన్ని మెట్లూ ఒక్కతే ఎలా మోసిందో. కిటికీ పక్కన, పటం ఉన్న పీట దగ్గరే వేసి, దుప్పటి పరిచి, పడుకుని ఉంది. జోళ్లు మెట్ల కిందే విడిచేసింది.

ఇదేంటక్కా అన్నాను.

నలభై రోజుల తర్వాత నాతో మాట్లాడింది. ఒక్కతే ఉంది కదే, అంది.