మంగమ్మకు తీసిన ఓడ టికెట్టు

1983 ఫిబ్రవరి, గురువారం. ఓడ మీద.

ఓడెక్కాను, అండమాన్ చూశాను! అరవై ఆరేళ్లకు నాకు ఇంత భాగ్యం! అంతా మా అమ్మాయి సరోజ బ్యాంకు ఉద్యోగం పుణ్యమే. మూడు రోజులు ఓడ పైన కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ ఎగిరే చేపల్ని చూశాను. ఇవాళ ఒడ్డున దిగి మోకాలి లోతు నీళ్లలో గంతులేశాను.

సాయంత్రం తిరిగి ఓడెక్కాక, పక్క కుర్చీలోని కుప్పం మునెమ్మగారు, "మీ ఇంటామె రాలేదాప్పా?" అనడిగింది.

"ఆమెకు నీళ్లంటే బయం."

"బయమా! మా ఆయప్పను సూడు. మద్రాసు కాణ్ణించి నా కొంగు పట్టుకొనే తిరగతాండాడు!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను చెప్పింది అబద్ధం. సరోజ వాళ్లమ్మ మంగమ్మకూ టికెట్టు తీసింది. ఇంట్లో మేం పెంచే పట్టుపురుగులు ఆఖరి మేతలో ఉన్నాయి, ఆ గదిలో పరాయి చెయ్యి పడకూడదని నేనే ఆపేశాను. "నువ్వుండు, నేను పోయొస్తా" అన్నాను. ఆమె మల్బరీ ఆకు తరుగుతూ, "సరేలే, సరోజ మనసు కష్టపెట్టొద్దు, నువ్వన్నా పో" అంది. తలెత్తలేదు. వేరింట్లో ఉన్నంత మాత్రాన నా తమ్ముడి పెళ్లాం పరాయిదా? పురుగుల్ని ఆమెకు అప్పగించొచ్చని అప్పుడు తోచలేదే!

ఊరికి పోగానే చెప్పాలి. మదనపల్లె అన్నకు. గుర్రంకొండ బావకు, ఆయన నమ్మడు. తమ్ముడి పెళ్లాం గంగులమ్మకు, వచ్చే పంటకు పురుగుల గది ఆమే చూసుకోవాలని. మంగమ్మకు మాత్రం ముందు తప్పయిందని చెప్పాలి, ఓడ సంగతి ఆ తర్వాత.