చిన్నక్క ఈనే రోజు

సెప్టెంబరు 14

చిన్నక్కకు చూలు కట్టి మొన్నటితో ఎనిమిది నెలలు నిండాయి. మూడడుగుల పుంగనూరు ఆవు. ఆ పొట్ట కుడివైపు రోజుకు పదిసార్లు చూస్తున్నాను. దాన్ని మా ఊరి నుంచి తెచ్చుకున్న అలివేలమ్మ గారు వరండాలో కాఫీ తాగుతూ, "ఎంత కళొచ్చిందో చూడు రెడ్డెప్పా" అన్నారు. అవునమ్మా అన్నాను. ఈ మద్రాసుకు వచ్చి రెండు నెలలు. వచ్చినప్పటి నుంచి నా నోట్లో ఆ ఒక్క మాటే.

సెప్టెంబరు 17

ఈ వీధంతా నీడే. రెండు పక్కల నుంచి నిద్రగన్నేరు చెట్లు వంగి పైన కలుసుకున్నాయి. వందేళ్ల నాటి ఇళ్లు, ఎర్ర గచ్చు, గేటు పక్కన రాతిపలక మీద కట్టించిన వాళ్ల పేరు. ఈ ఇంటి పలక మీద ఉన్నది అలివేలమ్మ గారి తాత పేరు. ప్రహరీ వెనకే అడయారు. పొద్దున్నే బూట్లు వేసుకుని నడిచేవాళ్లు ఏటి గాలి మంచిదంటారు... నాకు మురుగు వాసనే తెలుస్తుంది. మా చౌడేపల్లెలో ఇంత నీడ దొరికితే మనిషి లేవడు. ఇక్కడ నేను ఎండ కోసం తిరుగుతున్నాను. పదకొండింటికి కారు షెడ్డు ముందర దుప్పటంత ఎండ పడుతుంది. చిన్నక్కను అక్కడ కట్టేస్తాను. తడికి దాని గిట్టలు మెత్తబడ్డాయి.

సెప్టెంబరు 21, ఆదివారం

పాత ఇళ్లు చూపించే గుంపు మళ్లీ వచ్చింది. ముందు నడిచే ఆయన ఏ దొర ఎక్కడ ఉన్నాడో, ఏ సంవత్సరం వరద ఎందాక వచ్చిందో చెబుతాడు. అందరూ తల ఊపి, చివరికి మా గేటు దగ్గర ఆగిపోతారు. చిన్నక్కతో ఫోటోలు. ఒకామె అడిగింది, దూడ కూడా ఇంతేనా అని. అమ్మగారు నవ్వి, "ఇంకా బుజ్జిది. ఒళ్లో పెట్టుకోవచ్చు. పుట్టాక అందరూ రండి. అంతేగా రెడ్డెప్పా?"

అవునమ్మా.

సెప్టెంబరు 22

రాస్తాను. ఎక్కడో ఒక చోట రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నా పని పశువులకు చూలు సూది వేయడం. మదనపల్లెలో నేర్చుకున్నాను, పద్దెనిమిదేళ్లుగా అదే పని. జనవరి 11న పొద్దున సోమల పక్క అయిదు ఆవులకు వేశాను. అయిదూ జెర్సీ సూదులే. పాలకు అందరూ అవే అడుగుతారు. ఇంటికి రాగానే నా భార్య ఈశ్వరి వాకిట్లోనే చెప్పింది, చిన్నక్క ఎదకొచ్చిందని. దానికోసం పుంగనూరు ఎద్దు వీర్యపు స్ట్రా తెప్పించి నత్రజని క్యానులో విడిగా పెట్టుకున్నాను. ఈశ్వరి దాని తల పట్టుకుని ఏదో చెబుతోంది, నేను నవ్వుతున్నాను. చెయ్యి అలవాటున పోయింది. బయట ఎవరి ఆవుకైనా స్ట్రా మీద రాసింది రెండుసార్లు చదువుతాను. ఇంటి ఆవే కదా అని చదవలేదు. పని అయ్యాక చూస్తే వేళ్ల మధ్య ఖాళీ స్ట్రా... పసుపు రంగు. పసుపు అంటే జెర్సీ.

పెద్ద జాతి దూడ. చిన్నక్క నడుములోంచి ఎలా వస్తుంది?

చూలు పట్టదులే అనుకున్నాను. సూదుల లెక్క రాసే పుస్తకంలో ఎద్దు జాతి అన్న చోట పుంగనూరు అని రాశాను.

సెప్టెంబరు 23

పట్టింది అని తెలిసిన రోజు కూడా ఒక సూదితో ఆ చూలు పోయేది. ఈశ్వరి అప్పటికే వీధంతా చెప్పేసింది. నోరు రాలేదు.

సెప్టెంబరు 29

దూడ పెరగకూడదని మేత తగ్గించాను. తల్లి చిక్కుతోంది. పొట్ట మాత్రం తగ్గడం లేదు.

అక్టోబరు 2

ఈశ్వరి ఫోను. నా గురించి అడగదు, దాని గురించే అడుగుతుంది. "ఏమి తింటాండాది? ఆడ ఎండ తగల్తాందా? ఫోను దాని చెవికాడ పెట్టు." పెట్టాను. చెవి రిక్కించి అటూ ఇటూ చూసింది. చెట్టు వెనక్కి వెళ్లి ఏడ్చాను. నడిచేవాళ్లు ఇద్దరు చూసి, చూడనట్టు పోయారు. ఈ వీధిలో అందరూ మర్యాదస్తులు.

అక్టోబరు 6

డాక్టరు వచ్చాడు. ఈ వీధి కుక్కలన్నిటికీ ఆయనే డాక్టరు. అరవంలో మాట్లాడాడు. కుప్పంలో మేనమామ ఇంట్లో పెరిగిన రెండేళ్లలో నాకు అరవం అబ్బింది, అన్నీ అర్థమయ్యాయి. దూడ బాగా కదులుతోందట. కొంచెం పెద్దదిలా ఉందట. ఏ ఎద్దు అని అడిగాడు. నేను తోక పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోపే అమ్మగారు, "పుంగనూరే. ఇతను స్వయంగా వేశాడు" అన్నారు. డాక్టరు నా వైపు చూసి తల ఊపాడు. పెద్ద ఆసుపత్రికి రాయమని అడగాల్సింది అప్పుడే. ముందే కడుపు కోసి తీస్తే రెండూ దక్కుతాయి. లోపల ఉన్నది జెర్సీ దూడని నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

చెబితే నా క్యాను పోతుంది. నా ఊళ్లో ఎవడూ గొడ్డు మీద చెయ్యి వేయనివ్వడు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అక్టోబరు 9

ఇంకొకటి ఉంది. ఇది రాయకూడదనుకున్నాను.

అమ్మగారు చౌడేపల్లెకు కారులో వచ్చి అడిగినప్పుడు ఈశ్వరి ఇవ్వనంది. పాలపీక పెట్టి పెంచింది దాన్ని. ఇద్దామని పట్టుబట్టింది నేను. పెద్ద ఇల్లు, ఏటి ఒడ్డు, చెట్లు, సుఖంగా ఉంటుంది అని ఒప్పించాను. అసలు సంగతి... దాని చావు ఈశ్వరి కళ్ల ముందు జరగకూడదని. ఎక్కడో మద్రాసులో జరిగితే ఈనలేక పోయిందట అని ఒక మాట వస్తుంది, అంతే. కారు ఎక్కబోతూ మా ఇంటి గేటు దగ్గర అమ్మగారు అడిగారు, కడుపులోదీ ఇదే జాతే కదా అని. తల ఊపాను. ఆమె వెంటనే, "అయితే ఈనేదాకా నువ్వూ రా. నాకు నమ్మకంగా ఉంటుంది" అన్నారు.

నమ్మకంగా.

అక్టోబరు 12

ఈశ్వరికి చెప్పేశాను.

కోడి అరుపు వినిపిస్తోంది అటు నుంచి. తర్వాత, "ఈ పొద్దుటికి తొమ్మిది నెలలు. ఆరు నెల్లు నా పక్కనే కూసోని తింటివి గదప్పా." తర్వాత, "యాల చెప్పకపోతివి?" మళ్లీ తనే, "తప్పు అందరూ చేస్తారు. దాన్ని నా చేత్తో బండెక్కిస్తివే, అది నేను మర్సిపోను. పోయి ఆయమ్మకు చెప్పు. ఇప్పుడే పో."

పోయాను. అమ్మగారు పూజలో ఉన్నారు. వరండాలో గంట కూర్చున్నాను. బయటకు వచ్చి, నాలుగు బుల్లి మువ్వల పట్టెడ చూపించారు. దూడకు చేయించారట. మళ్లీ అవునమ్మా అని వచ్చేశాను.

అక్టోబరు 13

ఈశ్వరి: "చెప్తివా?" రేపు అన్నాను. ఫోను పెట్టేసింది.

అక్టోబరు 15

వాన. ఏరు గోడ అంచు దాకా వచ్చింది. ఆకులు కాలువకు అడ్డం పడి వీధిలో మోకాటి లోతు నీళ్లు. పొదుగు బిగిసింది. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి. రేపో ఎల్లుండో.

ఈశ్వరి ఫోను ఎత్తడం లేదు.

అక్టోబరు 16

పొద్దున ఆరున్నరకు నొప్పులు. ఏడుంబావుకు నీళ్ల సంచి పగిలింది. గిట్టలు కనిపించాయి. రెండు ముందు గిట్టలు, నా పిడికిలంత. పుంగనూరు దూడవి ఎంతుంటాయో నాకు తెలుసు. చెయ్యి పెట్టి చూశాను... తల అవతలే ఆగిపోయింది. సందు లేదు. చిన్నక్క మెడ తిప్పి నన్ను చూసింది.

చేతులు కడుక్కోకుండానే వరండా ఎక్కాను. ఎర్ర గచ్చు మీద నా అడుగులు పడ్డాయి. చెప్పాను. స్ట్రా, పసుపు రంగు, పుస్తకంలో రాసిన అబద్ధం, అన్నీ. "ఆసుపత్రికి తీసుకుపోవాల్నమ్మా. కోసి తియ్యాల. నా తప్పే."

అమ్మగారు కేకలు వేయలేదు. "మీ ఇంటి గేటు దగ్గర అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసమ్మా."

"డాక్టరు అడిగినప్పుడు?"

"తెలుసు."

లోపలికి వెళ్లారు. తలుపు వేసుకుంటారనుకున్నాను. చెప్పులు వేసుకుని, ఫోనులో ఎవరితోనో బండి పంపమని గట్టిగా చెబుతూ బయటకు వచ్చారు. చిన్న ట్రక్కు నీళ్లు చీల్చుకుంటూ గేటు దాకా రావడానికి నలభై నిమిషాలు. ఎప్పుడూ వీధిలో నడిచే వాళ్లు నలుగురు పంచెలు, ప్యాంట్లు ఎగ్గట్టి చిన్నక్కను ఎత్తి బండి పైకి చేర్చారు. ఎవరూ ఫోటో తీయలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

పెద్ద పశువుల ఆసుపత్రి. లోపలికి తీసుకుపోయి రెండు గంటలయింది.

డాక్టరమ్మ అంది, ముందే తెలిసి ఉంటే... అక్కడితో ఆపేసింది. తల్లో దూడో, ఒకటి కావచ్చట. అదీ గట్టిగా చెప్పలేదు.

కాగితం ఇచ్చారు. ఆవు పేరు, వయసు, యజమాని, అన్నీ అమ్మగారే నింపారు. ఎద్దు జాతి అన్న గడి దగ్గర కలం ఆగింది. కాగితం నా వైపు జరిపారు. నా ముఖం చూడలేదు.

"ఇది నువ్వే రాయి."

జెర్సీ అని రాశాను. కింద సంతకం పెట్టాను.

ఇప్పుడు బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. మువ్వల పట్టెడ ఆమె సంచీలోంచి కనిపిస్తోంది. హడావుడిలో సంచీ ఉన్నది ఉన్నట్టే తెచ్చినట్టున్నారు.

తలుపు ఇంకా తీయలేదు.

ఇందాక ఈశ్వరి ఫోను. మూడు రోజులకు తనే చేసింది. బస్సు చప్పుడులో సగం మాటలు వినిపించలేదు. ఆసుపత్రి అని నేను చెప్పింది తనకు వినబడిందో లేదో. "చిత్తూరు దాటినా... ఉలవలు తెస్తాండా. ఈనినాక ఉడకబెట్టి పెట్టాల గదా, ఆడ దొరుకుతాయో లేదో అని..."