బూడిద రంగు అతుకు

ఆగస్టు 4, సోమవారం

తెల్లవారినప్పటి నుంచీ వాన. షాపు రేకు మీద తూము ఆకులతో పూడుకుపోతే ఎక్కి తీశాను. చొక్కా రెండుసార్లు మార్చాను. బాగుచేసినవాటికి అంటించే ‘సరి’ చీటీలు అయిపోయాయి. ముప్పై కోసి, రాసి, సీసాలో వేశాను.

పని: రైస్ కుక్కర్లు రెండు — సరి. ఇన్వర్టర్ — సరి. ఇస్త్రీ పెట్టె — రేపు.

సాయంత్రం రత్నం బడి సంచీతోనే షాపుకి వచ్చింది. పదహారో తారీఖు శనివారం తన బడి నేస్తం, బర్మావాళ్ళ పిల్ల ఫ్యూ ఫ్యూ పుట్టినరోజు. కార్డు కావాలి. కొన్నది కాదు, తెరిస్తే వెలిగేది. ఆకాశం, గ్రహాలు, రాకెట్టు. “నువ్వు సేస్తే అలాటిది ఎవులికీ ఉండదు నాన్నా.”

చెయ్యనన్నాను. ఎందుకని అడగలేదు. ఎందుకో తనకు తెలుసు.

ఆగస్టు 5

వాన.

రాసి పెడతాను. మరచిపోతానని కాదు.

పోయిన ఏడాది ఆ ఇంట్లో కేకు కోసే వేళకు కరెంటు పోయింది. ఫ్యూ నాన్నమ్మ డౌ టిన్ మా పిల్ల చేతికి ఫోను ఇచ్చి లైటు పట్టుకోమంది. “నువ్వు పట్టుకో. నల్లదానివి, ఫోటోలో ఎలాగూ కనపడవు.” అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్విందట. వారం తర్వాత ఫోటోలు చూశాను. కేకు చుట్టూ పదకొండు మంది పిల్లలు. మా పిల్ల ఒక్కదాంట్లోనూ లేదు. నువ్వేదీ అని అడిగితే — “నాను లైటు పట్టుకున్నాను గదా.”

ఆ మొహాల మీద వెలుతురంతా మా పిల్ల చేతిది. పదేళ్ళ పిల్ల. చెయ్యి ఎంత లాగి ఉంటుందో.

ఆ మాట అన్న మనిషి ఇప్పటికీ మా వీధిలోంచే బజారుకు వెళుతుంది.

పని: ఇస్త్రీ పెట్టె — సరి. ఇంకేమీ ముట్టలేదు.

ఆగస్టు 6

ఇంటికి వెళ్ళేసరికి రత్నం తనే కార్డు మొదలుపెట్టింది. చెప్పుల డబ్బా అట్ట. జిగురు ఈ తేమకు ఆరదు, వేలికి అంటుకుని వస్తోంది. నా డబ్బాలోంచి ఎల్ఈడీలు నాలుగు తీసింది, అడగకుండా. రెండు తలకిందులుగా పెట్టి, బ్యాటరీ సెల్లు చచ్చిపోయిందని మొహం వేలాడేసుకుని కూర్చుంది.

కేకలు వేశాను. మెట్ల మీదికి వినిపించేంత.

మా ఆవిడ సరోజ కుట్టుమిషను ఆపలేదు. “పిల్లకి లేని కోపం మీకేటండీ?”

లేదని నీకెవరు చెప్పారు, అన్నాను.

“ఉంటే ఆ ఇంటికి ఎల్తాదా?”

... అదే నాకూ అర్థం కాదు.

ఆగస్టు 7

ఒప్పుకున్నాను. ఆ ఇంటి కోసం కాదు. నా డబ్బాలోని సామానుతో చేసింది వెలగకపోతే పేరు నాది.

ఆగస్టు 8, శుక్రవారం

పని: పంపు మోటారు — సరి. కుక్కర్ — సరి.

లత పేట బజారులో రాగి టేపు దొరికింది. బస్సులో తడిసిపోకుండా లుంగీ మడతలో పెట్టుకొచ్చాను.

సరోజ నల్ల మఖమల్ ముక్క ఇచ్చింది, ఆకాశానికి. గ్రహాలకు గుండీలు. శనికి వలయం కావాలట. ఫ్యాను వాషరు ఇచ్చాను, సరిగ్గా పట్టింది.

తొమ్మిది గుండీలు ఏరి పెట్టాను. ఎనిమిదే చాలంది. మరి రాహువు, కేతువు?

“వోళ్ళు లేరు నాన్నా.”

లేకపోవడమేమిటి?

“ఫ్యూ వోళ్ళ నాన్నమ్మ కూడా ఇలాగే అడుగుతాది. ఫ్యూ బుధవారం సాయంత్రం పుట్టింది, బర్మా లెక్కలో రాహువు పిల్ల, రాహువు లేకండా కార్డేటి అంటాది.” నవ్వు.

ఆవిడతో నాకు పోలిక. గుండీ తీసి డబ్బాలోకి విసిరేశాను.

ఆగస్టు 9

రాకెట్టు కుదిరింది. కాగితం పట్టీ పైకి లాగితే దాని వెనక రాగి ఒక్కొక్క గ్రహానికీ తగులుతుంది. ఒక్కొక్కటే వెలుగుతుంది. లాగడం, దింపడం, మళ్ళీ లాగడం — తనకు అన్నం సంగతి లేదు.

చందమామ మాత్రం వేరుగా కావాలట. కార్డుకు ఆ చివర ఒక నక్షత్రం, ఈ చివర ఒక నక్షత్రం. ఒకదాని మీద ఫ్యూ వేలు, ఇంకోదాని మీద తన వేలు. ఇద్దరూ రెండో చెయ్యి కలుపుకుంటే చందమామ వెలగాలి. వదిలితే ఆరాలి.

అవుతుంది. ఒంట్లోంచి పోయే కరెంటు చాలా కొంచెం. దాన్ని పెంచడానికి ట్రాన్సిస్టర్లు రెండు చాలు. పాత టార్చిలోని తెల్ల ఎల్ఈడీలు పెట్టాను, వెలుతురు బాగా రావాలని.

ఒక్క మనిషే రెండు చేతులూ పెట్టినా వెలుగుతుంది సుమా, అన్నాను.

కాసేపు ఆలోచించింది. “అప్పుడు ఇంకేటీ సెయ్యడానికి సెయ్యి ఉండదు గదా.”

ఆగస్టు 10, ఆదివారం

టంకం వేయడం నేర్పాను. టంకం వేసే ఐరన్ పూర్తిగా వేడెక్కాలి. ముందు రాగి వేడెక్కాలి, తర్వాతే టంకం. ఆరాక మెరిస్తే పట్టినట్టు. బూడిద రంగు తిరిగితే ఊరికే మీద కూర్చున్నట్టు. ఇవాళ పని చేస్తుంది, రేపు మోసం చేస్తుంది. గోటితో తట్టి చూసుకోవాలి.

నాకు ఇవి ఎవరూ చెప్పలేదు. చెడగొట్టి చెడగొట్టి తెలుసుకున్నాను. తను ఒక్క పూటలో నేర్చుకుంది. గ్రహాలు ఎనిమిదీ తనే అతికింది. చందమామ నాకు వదిలింది. “అది కష్టం. నువ్వే సెయ్యి.”

ఆగస్టు 11, సోమవారం

ముసురు.

పొద్దున్నే డౌ టిన్ షాపుకి వచ్చింది. రిక్షాలోంచి టేబుల్ ఫ్యాను దింపించింది.

“కలార్, ఇది తిరగడం లేదు.”

ముప్పై ఏళ్ళుగా నా పేరు తెలుసు. ఆవిడ కొడుకు మర్యాదగా ‘కో అప్పన్న’ అంటాడు. ఈవిడకు ఇండియా మొహాలన్నిటికీ ఒకటే పేరు.

స్టూలు మీద కూర్చుంది. తమలపాకు నములుతూ, సంతోషంగా — “శనివారం యదనాని తప్పకుండా పంపు.” బడిలో రత్నం బర్మా పేరు అది. “ఎంత మంచి పిల్ల. పోయినసారి లైటు ఎంత కదలకుండా పట్టుకుందో. మావాళ్ళెవరూ అలా నిలబడరు. ఈసారి కూడా కరెంటు ఉండదులే, ఆ పిల్ల ఉంటే చాలు.”

ఎగతాళి కాదు. మెచ్చుకుంటోంది. చేసింది ఏమిటో ఆవిడకు తెలియనే తెలియదు.

సాయంత్రానికి అవుతుంది అన్నాను. నా గొంతు వింటే నాకే అసహ్యం వేసింది.

ఫ్యాను విప్పాను. కెపాసిటర్ పోయింది, బుష్ అరిగింది. రెండూ మార్చాను. గంటసేపు తిప్పి చూశాను. చీటీ అంటించాను. ఫ్యాను — సరి.

తర్వాత కార్డు తీశాను. చందమామ దగ్గర ఒక్క అతుకే మిగిలి ఉంది. ఐరన్ పూర్తిగా వేడెక్కక ముందే టంకం పెట్టాను. గట్టిపడేలోపు తీగ కదిపాను. బూడిద రంగు తిరిగింది. సెల్లు వేసి రెండు నక్షత్రాలూ ముట్టుకుంటే వెలిగింది. నాలుగైదు సార్లు తెరిస్తే పోతుంది. ఆ ఇంట్లో, వాళ్ళ చేతుల్లో పోతుంది. అప్పుడు నవ్వుకోమను.

పైన మఖమల్ అతికించేశాను.

ఇన్నేళ్ళలో తెలిసి వేసిన మొదటి చెడ్డ అతుకు.

రత్నానికి తెలుగు చదవడం రాదు. అందుకే ఈ పుస్తకం బల్ల మీదే ఉంటుంది.

ఆగస్టు 12

పని: ఏమీ లేదు. వచ్చినవాళ్ళను రేపు రమ్మన్నాను.

ఆవిడ ఫ్యానుకు గంట. పిల్ల కార్డుకు ఆ అతుకు. ఇదా నా పౌరుషం.

ఫ్యూ మా ఇంట్లో చారన్నం తింటుంది. సరోజను ‘అమ్మా, ఇంకొంచెం’ అని అడుగుతుంది. ఆ పిల్లకు వచ్చిన తెలుగు అంతే.

అయినా విప్పలేదు. ఆవిడ స్టూలు మీద కూర్చున్న తీరు గుర్తొస్తుంది, విప్పబుద్ధి కాదు.

ఆగస్టు 13

మేడలో ఉన్న అన్ని గడపలకూ రత్నం కార్డు తిప్పి చూపించింది. రాకెట్టు లాగనివాళ్ళు లేరు. కింద బియ్యం కొట్టు ముసలాయన, ఆయన మనవడు చేతులు పట్టుకుని చందమామ వెలిగించారు. నలభైసార్లు తెరిచి ఉంటారు. నేను మెట్ల మీద నిలబడి లెక్కపెడుతున్నాను.

పోలేదు. నాలుగైదు సార్లు అనుకున్నాను. చెడగొట్టడం కూడా చేతకాలేదు నాకు.

“సరి సీటీ అంటించు నాన్నా. అన్నిటికీ అంటిస్తావు గదా.”

రేపు చూసి అంటిస్తాను.

“ఏటి సూడ్డం? ఎలుగుతోంది గదా.”

రేపు.

ఆగస్టు 14

అంటించలేదు. సీసా మూత తీశాను, పెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

పని: కుక్కర్ — సరి. ఎమర్జెన్సీ లైట్లు మూడు — సరి.

సాయంత్రం. టీ తాగుతున్నాను. రత్నం రెండు నక్షత్రాల మీదా వేళ్ళు పెట్టి కార్డు అటూ ఇటూ వంచుతోంది. చందమామ ఒకసారి మినుకుమంది. మఖమల్ అంచు గోటితో లేపింది.

“నాన్నా, ఇక్కడ బూడిద రంగుంది.”

తల ఎత్తలేదు.

“తడితే కదుల్తోంది.”

అప్పుడు కరెంటు పోయి ఉంటుంది, అన్నాను.

“నీ ఐరను బేటరీ మీద కూడా నడుస్తాది గదా.”

సరోజ మిషను ఆపింది. ఈసారి ఆపింది.

ఇలా తే, చేసి ఇస్తాను.

“వొద్దు. నాను సేస్తాను.” ఐరన్ పెట్టి — “సూసుకోకండా అతికేవా నాన్నా, సూసే అతికేవా?”

చెప్పలేదు. రెండోసారి అడగలేదు.

ఐరన్ వేడెక్కేదాకా కూర్చుంది. పాత టంకం కరిగించి తీసేసింది. రాగి తుడిచింది. ముందు రాగి, తర్వాత టంకం. మెరిసిందో లేదో నాకు కనపడలేదు. నాకు చూపించలేదు.

కప్పు చేతిలోనే ఉంది. విసిరికొట్టాలనిపించింది. ఎవరి మీదికి?

ఆగస్టు 16, శనివారం

పొద్దున కాస్త తెరిపి. నీళ్ళ డ్రమ్ము నింపాను.

కార్డు గుమ్మం పక్కన పెట్టి ఉంది. తిప్పి చూశాను. వెనక, మూలన, పెన్సిలుతో ‘సరి’. నా చీటీ చూసి వేసినట్టుంది. గుండ్రంగా, బర్మా అక్షరాల్లా. ‘రి’ కొంచెం పక్కకు ఒరిగింది. తెలుగులో మా పిల్ల రాసిన మొదటి మాట.

నన్ను అడగలేదు.

రెండింటికి రత్నాన్ని ఫ్యూ ఇంటి దగ్గర దింపాను. మళ్ళీ వాన. మూడింటికి వీధంతా కరెంటు పోయింది. షాపులో నిలవలేకపోయాను. వెళ్ళి వాళ్ళ మెట్ల కింద నిలబడ్డాను. పైన పిల్లల గోల, పాట. ఇప్పుడు ఫోను చేతికిచ్చి ఉంటుంది. ఇప్పుడు ఆ మాట అంటూ ఉంటుంది. ఈసారి అంటే పైకి వెళ్ళి అడుగుతాను. ఏమని అడగాలో బర్మా మాటల్లో కూర్చుకుంటున్నాను. ఒకటి కూర్చితే ఇంకోటి చెదురుతోంది.

నాలుగు దాటాక రత్నం దిగింది. వెనక డౌ టిన్, కమ్మీ పట్టుకుని, చేతిలో కేకు పొట్లం.

“కలార్, ఏం కార్డు చేశావయ్యా. చందమామ వెలగాలంటే చెయ్యి తియ్యకూడదట. మీ పిల్ల నన్ను బీరువా పక్కన నిలబెట్టి, రెండు చేతులూ నక్షత్రాల మీద పెట్టించింది. ఫోటోలన్నీ అయ్యేదాకా కదలనివ్వలేదు. చేతులు లాగేస్తున్నాయి.” నవ్వింది. “నీ ఫ్యాను మాత్రం బాగా తిరుగుతోంది.”

కేకు పొట్లం అందుకున్నాను. తల ఊపాను.

ఒకటే గొడుగు. వీధి మలుపు తిరిగాం. అప్పుడు రత్నం, ఫ్యూ అక్క తన ఫోనుకు పంపిన ఫోటో చూపించింది. మసక. కేకు మీద తెల్లటి వెలుతురు. ఫ్యూ పక్కన రత్నం — పళ్ళు, ఒక చెవి, సరోజ కుట్టిన గౌను భుజం.

నాన్నమ్మ ఏది, అన్నాను.

“లైటు పట్టుకుంది గదా.”

నవ్వలేదు. గొంతు మామూలుగానే ఉంది. ఏడాది కిందట అన్న మాట, అదే గొంతు.

నాకూ నవ్వు రాలేదు. ఏడాదంతా ఆ పిల్ల దగ్గర ఆ కోపం ఉంది, నేను చూడలేదు. అది తీరాలంటే ఆ చందమామ ఆరకుండా వెలగాలి. దాన్నే నేను... పని నేర్పాను అనుకున్నాను. ఇంకేమేం నేర్పానో.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంది. కేకు అమ్మకు సగం, నాకు సగం పెట్టింది. తను ఇక్కడే ఉంది, బల్లకు అటువైపు, హోమ్‌వర్క్. సూసే అతికేవా అన్న ప్రశ్న మళ్ళీ అడగదు. అడగకపోయినా చెప్పాలి. రెండు మాటలే. ఇప్పుడు తల ఎత్తి ఈ పుస్తకం వైపు చూసింది. ఇందులో తనకు చదవడం వచ్చిన మాట ఒక్కటే ఉంది, ఎక్కడ రాస్తానా అని చూస్తోంది.

పని: కుక్కర్ — సరి. గ్రైండర్ — సరి. కార్డు —